మా ఊరి పేరున్న మహానుభావులు

పాఠకులారా! లోకంలో పేరు తెచ్చుకోవాలని కష్టపడుతున్న అమాయకులు మీలో ఎవరైనా ఉంటే, ఇవాళే మానేయండి. చెమటలు కార్చడం, రాత్రింబగళ్లు చదవడం, నలుగురికీ మేలు చేయడం... ఇవన్నీ పాతబడిపోయిన పద్ధతులు. ఇప్పుడు గొప్పవాడు కావడానికి ఒక ఊరి పేరు పెట్టుకుంటే చాలు. మిగతా సంగతి ఆ ఊరు చూసుకుంటుంది!

నవ్వకండి. బాధ్యత గల మనిషిగా చెబుతున్నాను. బ్రాంట్లీ పట్టణ పేరుగోడ కమిటీకి గౌరవ కార్యదర్శిని నేను. నిబంధనలు రాసింది నేనే. తప్పులు దిద్దింది మా ఆవిడ బ్రెండా.

బ్రాంట్లీ అంటే మా ఊరు. యార్క్‌షైర్ కొండల్లో ఒక రాతిగని, ఒక బడి, మూతపడ్డ ఒక నూలు మిల్లు, తెరిచి ఉన్న రెండు పబ్బులు. వాన మాత్రం కావలసినంత. మూడేళ్ల కిందటి దాకా మా గురించి మాకే పెద్ద అభిప్రాయం ఉండేది కాదు. అప్పుడే మా కౌన్సిల్ అధ్యక్షుడు నైజెల్ ప్రాక్టర్ ఒక సంగతి కనిపెట్టాడు. అమెరికాలోనూ, ఆస్ట్రేలియాలోనూ, ఇంకా ఎక్కడెక్కడో మగపిల్లలకి మా ఊరి పేరు పెట్టుకుంటారట! బ్రాంట్లీ అని! అంతేకాదు, వాళ్లలో కొందరు ప్రముఖులు కూడా అయ్యారట!

ఆ తల్లులకి మా ఊరు ఒకటుందని తెలుసా అని మీరడగవచ్చు. తెలియదు. తెలియకుండా ఇచ్చిన గౌరవానికే విలువ ఎక్కువ అని నేను వాదిస్తాను. మరి ఊళ్లో ఆ పేరున్నవాడు ఎవడైనా ఉన్నాడా? ఒక్కడూ లేడు! మా దగ్గర ఉన్నదల్లా కీత్‌లు, ట్రెవర్‌లు, నాలాంటి ఒకరిద్దరు జెఫ్రీలు. సొంత ఊరి పేరు సొంత పిల్లలకి ఎవరు పెట్టుకుంటారండీ, పిలవడానికి సిగ్గుగా ఉండదూ?

ఇంకేం, గోడ కట్టేశాం. మా గని రాయితోనే, బడి పక్క మూలమలుపులో, రోడ్డుకి ఆనించి, మనిషెత్తు గోడ. అందులో ఎనిమిది నునుపు పలకలు. ఒక్కో పలక మీద ఒక్కో బ్రాంట్లీ పేరు, అతను సాధించిన ఘనకార్యం.

గిట్టనివాళ్లు ఒక మాట అన్నారు. ఆ గోడ కట్టాక గని నుంచి దిగే లారీవాళ్లకి రోడ్డు దాటే పిల్లలు కనబడటం లేదట. నిజమే. కానీ పిల్లలకి గోడ కనబడుతోంది కదా! పొద్దున్నే మహానుభావుల పేర్లు చూసుకుని బడికి వెళ్లే భాగ్యం ఏ ఊరి పిల్లలకి దక్కుతుంది?

ఆ మహానుభావులు ఎవరంటారా? మొదటి పలక టెక్సస్ బ్రాంట్లీది. ఆయన ఎద్దు మీద కూర్చునే పోటీల వీరుడు. ఎనిమిది సెకన్లు కూర్చోవాలి, ఏడుకే పడ్డాడు. అయినా పడ్డ తీరు ఆ జిల్లాలో ఇప్పటికీ చెప్పుకుంటారట. తర్వాతివాడు కెనడాలో మంచు హాకీ గోల్‌కీపర్. ఒక్క ఆటలో పద్నాలుగు గోల్స్ వదిలేశాడు, చిరునవ్వు మాత్రం వదల్లేదు. ఆస్ట్రేలియా బ్రాంట్లీని టీవీ వంటల పోటీ నుంచి రెండో వారమే ఇంటికి పంపేశారు. ఒకాయన పళ్లపొడి ప్రకటనలో నవ్వాడు. ఆయన పోయి చాలాకాలమైంది, నవ్వు డబ్బా మీద ఇంకా ఉంది. ఇలా ఏడుగురు దొరికారు. ఎనిమిదోవాడి కోసం వెతుకుతూనే ఉన్నాం.

నా నిబంధనలు మూడు. ఒకటి, మొదటి పేరు బ్రాంట్లీ అయి ఉండాలి. రెండు, చెప్పుకోదగ్గది ఏదైనా సాధించి ఉండాలి. మూడు, గోడ ఎక్కినవాళ్లు మా ఊరిని ఒక కోరిక కోరవచ్చు, కౌన్సిల్ కాదనకూడదు.

ఎద్దుల వీరుడు, తానెప్పుడైనా వస్తే బండి పెట్టుకోవడానికి చోటు కావాలన్నాడు. పోస్టాఫీసు ముందు పసుపు గీతలు గీసి ఆయన పేరు రాశాం. కర్ర పట్టుకుని నడిచే ముసలివాళ్లు ఆ ఖాళీ జాగా చుట్టూ తిరిగి వెళ్తారు, వ్యాయామం! వంటల బ్రాంట్లీ, మా చేపల వేపుడు కొట్టులో తన పేరున ఒక పచ్చడి ఉండాలన్నాడు. ఉంచాం. ఎవరూ ముట్టుకోరు. సీసా మాత్రం రోజూ తుడుస్తారు.

ఇంత చక్కగా సాగుతున్న వ్యవహారంలోకి మావిస్ హెప్‌వర్త్ వచ్చిపడింది.

మావిస్‌కి అరవై ఏడు. ముప్ఫై నాలుగేళ్లుగా ఆ మూలమలుపులోనే ఆవిడ ఉద్యోగం. పసుపు కోటు వేసుకుని, తనకంటే పొడుగైన కర్ర పట్టుకుని రోడ్డు మధ్యలో నిలబడుతుంది. కర్ర చివర పళ్లెమంత గుండ్రటి బిళ్ల, దాని మీద ‘ఆగు’ అని ఉంటుంది. లారీ ఆగుతుంది, పిల్లలు దాటుతారు. అంతే ఆ ఉద్యోగం! పిల్లలు ఆవిణ్ని లాలీపాప్ మావిస్ అంటారు. నా కూతుర్ని దాటించింది, ఇప్పుడు నా మనవరాల్ని దాటిస్తోంది. ఆ మాటకొస్తే మా అధ్యక్షుడు నైజెల్‌ని కూడా ఆరేళ్లప్పుడు చెయ్యి పట్టుకుని ఆవిడే దాటించింది.

ఈ మార్చిలో ఆవిడకి కౌన్సిల్ నుంచి ఉత్తరం వచ్చింది. చేపల కొట్టు దగ్గర వరుసలో నిలబడ్డప్పుడు బ్రెండాకి చూపించింది. పక్కనే ఉన్నాను కాబట్టి నేనూ చూశాను.

“ముప్ఫై నాలుగేళ్లుగా ఈ మూలలో ఒక్క ప్రమాదమైనా నమోదు కాలేదు,” అని బ్రెండా పైకి చదివింది. “కనుక ఇక్కడ మనిషి అవసరం లేదని తేలింది. నెలాఖరుకి ఉద్యోగం రద్దు.”

“అంటే ఏంటే బ్రెండా? నెలకొకణ్ని వదిలేసి ఉంటే ఉద్యోగం నిలిచేదా?” అంది మావిస్.

“నీకు బుద్ధి లేదు మావిస్, మరీ ఒళ్లొంచి పనిచేశావ్.” బ్రెండా ఉత్తరం మడిచి నా వైపు చూసింది. ఆ చూపు నాకు నలభై ఏళ్లుగా పరిచయం. “ఇదిగో జెఫ్, మీ గోడెక్కినవాళ్లు ఏం కోరినా కాదనరుగా?”

“కాదనం. మూడో నిబంధన.”

“‘నా ఉద్యోగం ఉంచండి’ అని మావిస్ కోరితే?”

“ఉంచాలి. కానీ మావిస్ పేరు బ్రాంట్లీ కాదుగా?” అన్నాను, ఎంతో తెలివిగా.

మా దేశంలో పేరు మార్చుకోవడం ఎంత తేలికో మీకు తెలుసా? ఒక కాగితం, ఒక సంతకం, ఇద్దరు సాక్షులు. చేపలు వేగేలోపు పనైపోయింది! బ్రెండా ఒక సాక్షి, కొట్టు యజమాని ఇంకో సాక్షి. కాగితానికి కాస్త నూనె మరక అంటింది కానీ చట్టానికి నూనె అడ్డం కాదట. వరుసలోకి మావిస్‌గా వచ్చిన మనిషి, చేపల పొట్లం చంకన పెట్టుకుని బ్రాంట్లీ హెప్‌వర్త్‌గా ఇంటికెళ్లింది.

మరుసటి మంగళవారం కమిటీ ముందుకొచ్చింది. ఐదుగురం కూర్చున్నాం. ఆవిడ చర్చికి వేసుకునే టోపీ పెట్టుకుంది. చేతులు ఒళ్లో పెట్టుకుని కూర్చుంది.

“మీ పేరు?” అన్నాడు నైజెల్, పద్ధతి ప్రకారం.

“నా పేరు తెలీదట్రా నీకు? ముక్కు చీదుకోవడం రాని రోజుల నుంచీ నిన్ను రోడ్డు దాటించానే!”

“మీటింగులో ‘రా’ అనకూడదు మావిస్.”

“మావిస్ కాదు, బ్రాంట్లీ. కాగితం చూసుకో.”

నైజెల్ కాగితం చూశాడు, వాసన కూడా చూశాడు. “సరే, బ్రాంట్లీ గారూ. మీరు సాధించిందేమిటి?”

“ముప్ఫై నాలుగేళ్లు ఆ మూలలో నిలబడ్డాను.”

“నిలబడటం సరేనమ్మా. అక్కడ ఏం జరిగిందీ అని.”

“ఏమీ జరగలేదు. అదే కదరా నేను చెప్పేది!”

నైజెల్ పెన్ను కింద పెట్టి పాపం చాలా ఓపిగ్గా వివరించాడు. “అక్కడే వచ్చింది చిక్కు. జరగనిదాన్ని రాయి మీద ఎలా చెక్కిస్తాం చెప్పు? ‘ఇక్కడ ఏమీ జరగలేదు’ అని రాసి ఉంటే చూడటానికి ఎవరొస్తారు?”

“ఎద్దు మీంచి పడ్డవాడికి రాయి పెట్టారు కదా!”

“అతను పడ్డాడమ్మా! పడటం అనేది ఒక సంఘటన!”

ఎంత చక్కటి తర్కం! నాకైతే ముచ్చటేసింది. మావిస్ తన కాగితం వెనక్కి తీసుకుంది. “ఎంతమందిని పడకుండా పట్టుకున్నానో ఎప్పుడూ రాసి పెట్టుకోలేదు నాయనా,” అంది. “తప్పు నాదే.” టోపీ సర్దుకుని లేచి వెళ్లిపోయింది.

ఓటింగ్ పెట్టారు. వద్దని నలుగురు చెయ్యెత్తారు. ఐదో చెయ్యి నాది. అదీ లేచింది. నిబంధన రాసినవాణ్ని, నేనే పాటించకపోతే ఎలా?

ఆ రోజు మా ఇంట్లో మాంసం కూరిన ‘పై’ రొట్టె చల్లగా వడ్డించారు. “భుజం నొప్పిగా ఉందా?” అంది బ్రెండా. “చెయ్యి బాగా పైకెత్తావటగా!” తర్వాత మూడు రోజులు ఆవిడ నాతో మాట్లాడలేదు. ఆ మూడు రోజుల్లో నేను ఈ వ్యాసం మొదలుపెట్టాను. కమిటీని సమర్థిస్తూనే మొదలుపెట్టానని మనవి.

నెలాఖరున మావిస్ కోటు, కర్ర అప్పగించేసింది. కర్ర వృథా కాలేదు. నైజెల్ ఆఫీసు కిటికీ మూసుకుపోకుండా ఇప్పుడు దాన్నే ఆనించి పెడుతున్నారు.

సోమవారం ఉదయం ఒక ఆరేళ్ల పాప రోడ్డు మీద అడుగు పెట్టింది. గోడ చాటు నుంచి లారీ వచ్చింది. పాప వెనక్కి గెంతింది, చేతిలో ఉన్న తిండి డబ్బా ముందుకు పోయింది. రొట్టెముక్కలు కాగితమంత పల్చగా అయిపోయాయి. నేను కౌన్సిల్‌కి పరుగెత్తాను. ఎందుకు పరుగెత్తానంటారా? ఆ పాప నా మనవరాలు.

“మనిషికేమైనా అయిందా?” అన్నాడు నైజెల్, నిజంగానే కంగారుపడి.

“లేదు. డబ్బా.”

“హమ్మయ్య!” అని ఊపిరి పీల్చుకున్నాడు. “డబ్బా అయితే ప్రమాదాల పట్టికలోకి రాదు జెఫ్. పట్టికలో ఏదైనా ఉంటేనే అక్కడ మనిషిని పెట్టమని పైవాళ్లని అడగగలం. నేనేం చెయ్యను చెప్పు?” తర్వాత ఏదో గుర్తొచ్చి, “అన్నట్టు, ఆ ఎనిమిదో పలక బోసిగా ఉంది. త్వరగా ఎవర్నైనా చూడు. చెప్పుకోదగ్గది ఏదో ఒకటి జరిగిన మనిషైతే చాలు,” అన్నాడు.

తిరిగొస్తూ ఆ పలక ముందు ఆగాను. మా గని రాయి మంచి రాయి, చేత్తో తడిమితే అద్దంలా ఉంది. అది నిండే రోజు ఎలా ఉంటుందో నాకు బాగా తెలుసు. ఆ రోజు రెండో నిబంధనతో పేచీ ఉండదు, చెప్పుకోదగ్గది జరిగి ఉంటుంది. పేరు బ్రాంట్లీ కాకపోయినా ఎవరూ అడ్డు చెప్పరు. గోడ నిండా పూలు పెడతారు, బొమ్మలు పెడతారు. నైజెల్ ఏడుస్తాడు. నటన కాదు, నిజంగానే ఏడుస్తాడు, వాడు చెడ్డవాడేం కాదు. మర్నాడే ఆ మూలలో మనిషిని కూడా పెడతారు.

ఆ పలక మీద నా మనవరాలి పేరు చెక్కడం నిన్న కొంచెంలో తప్పిపోయింది. ఈ మాట రాయడానికి నాకు చెయ్యి రావడం లేదు.

ఇవాళ పొద్దున్న ఎనిమిదిన్నరకి ఆ మూలకి వెళ్లాను. కోటు లేదు, కర్ర లేదు, ఉద్యోగం లేదు, అయినా మావిస్ నాకంటే ముందే వచ్చి నిలబడి ఉంది. నన్ను చూసి, “ఓటేసినవాడు ఆ పక్క నిలబడు, నేను ఈ పక్క చూసుకుంటా,” అంది. నిలబడ్డాను. లారీలు ఆగాయి. నలుగురైదుగురు డ్రైవర్లు నోటికొచ్చినట్టు తిట్టారు కూడా.

కమిటీ కార్యదర్శిగా నా పని ఆ పలక నింపడం. అది ఖాళీగా ఉండాలని ఇక రోజూ పొద్దున్నే ఇద్దరం రోడ్డు మీద కాపలా కాయబోతున్నాం. పాఠకులారా, మా ఇద్దరి వయసూ కలిపితే నూట ముప్ఫై ఎనిమిది. మేం ఎన్నాళ్లని ఆపగలం?