ఎరుక చెప్పని నేరం

మా ఠాణాలో ఇంతవరకు ఎవరూ చనిపోలేదని ప్రజలకు మరోసారి తెలియజేయడమైనది. పోశాలు కూడా చనిపోలేదు. విచారణకు సహకరిస్తూ, మధ్యలో సహకరించడం మానేశాడు.

పోశాలు ఎరుకల మనిషి. పెద్దవంగర పక్క ఊళ్ళో బుట్టలు అల్లుకుని బతికేవాడు. భూపాల్ పటేలు బావి దగ్గర మోటారు కనిపించలేదు. ఊళ్ళో పోశాలు కనిపించాడు. ఇంతకన్నా సాక్ష్యం ఏం కావాలి? మూడో రోజు పొద్దున అతని భార్య గట్టమ్మకు శవాన్ని వ్యానులో మర్యాదగా అప్పగించారు. మోటారు ఆ సాయంత్రమే దొరికింది. వైండింగ్ కాలిందని భూపాల్ కొడుకే తొర్రూరులో రిపేరుకు ఇచ్చి మరిచిపోయాడట. మరుపు మానవ సహజమని ఠాణా పెద్దమనసుతో వదిలేసింది.

గట్టమ్మ అడిగింది ఒక్కటే. తన భర్త ఠాణాలో దెబ్బలకే చనిపోయాడని ఒక కాయితం. అది లేకపోతే ఊరి నోట్లో పోశాలు ఎప్పటికీ దొంగగానే ఉంటాడు. ఆమెకు అదే బాధ.

ప్రభుత్వం వెంటనే స్పందించి, ఏడు నెలల్లోనే రఘునాథ్ గారిని విచారణాధికారిగా పంపింది. ఆయన ఎంతో శ్రమపడ్డారు. సీసీ కెమెరా ఆ మూడు రోజులూ సెలవులో ఉంది. రిజిస్టరు ప్రకారం పోశాలు ఠాణాకు రానేలేదు. డాక్టరు పోశాలు ఒంటిమీద పద్దెనిమిది గాయాలు లెక్కపెట్టి, గుండె బలహీనమని తేల్చాడు. చివరికి విచారించడానికి గట్టమ్మ ఒక్కతే మిగిలింది.

"నువ్వు ఊరూరు తిరిగి ఎరుక చెప్తవట గదా?"

"చెప్త సారూ."

"అందరికి జరగవోయేది చెప్పేదానివి, మొగడు సచ్చేది నీకు తెల్వదా? తెలిస్తే ముందే ఠాణాల ఎందుకు చెప్పలే? తెల్వకుంటే, ఇన్నేండ్లు జనాన్ని మోసం చేసినట్టేనాయె. రెండిట్ల ఏ కేసు రాయమంటవ్?"

చట్టం ఇంత నిక్కచ్చిగా ఉంటుందని గట్టమ్మకు అంతవరకు తెలియదు.

"మీ కెమెరాకు కనవడలే, మీ బుక్కుల కనవడలే, డాక్టరు సాబుకు కనవడలే. నా ఒక్కదానికే కనవడాల్నా సారూ?"

అధికారి దయతలచి కేసు రాయలేదు. గదిలో ఉన్నవాళ్ళను బయటికి పంపి, అరచేయి చాపారు. "సరేగానీ, జర నా ప్రమోషన్ ఎప్పుడొస్తదో చూడు."

గట్టమ్మ ఆ చేయి పట్టుకుంది. గీతలు చూడలేదు, ఆయన ముఖమే చూసింది.

"వస్తది బాంచెన్. నా పెనిమిటి కాయితం రాయకుంటే జల్దీ వస్తది."

ఆయన ఆమె విద్యను మెచ్చుకున్నారు. నివేదిక పది రోజుల్లో వచ్చింది. సకాలంలో హెచ్చరించని కుటుంబం తప్ప మరణానికి ఎవరూ బాధ్యులు కారట. నెల తిరక్కుండా ప్రమోషనూ వచ్చింది. కాయితం రాలేదు.

మనం మాత్రం ఊరుకున్నామా? గట్టమ్మకు అన్యాయం జరిగిందని బస్టాండులో కొవ్వొత్తులు పట్టుకుని ఫొటోలు దిగాం. పోయిన వారం శ్రీలత టీచరు స్కూటీ పోయింది. ఎవరి మీద అనుమానమని పోలీసులు అడగబోయారు. వాళ్ళు నోరు తెరవకముందే, పోశాలు తమ్ముడి పేరు మనమే చెప్పాం.