బండమొసలి రీమేకు చేసిన మేలు

చెడ్డ సినిమా అంత మంచి వస్తువు లోకంలో మరొకటి లేదు!

నవ్వుతున్నారా? నవ్వండి. మంచి సినిమా చూసి వచ్చినవాడు ఏం చేస్తాడు? ఇంటికొచ్చి చారన్నం తిని పడుకుంటాడు. వాడివల్ల దేశానికి ఏమిటి ఉపయోగం? అదే చెడ్డ సినిమా చూసి వచ్చినవాడిని చూడండి. వాడికి నిద్ర పట్టదు. స్క్రీన్‌ప్లే అంటాడు, లాజిక్ అంటాడు, బడ్జెట్ అంటాడు. గ్యాసు సిలిండరు బుక్ చేయడం చేతకాని మనిషి కూడా, కొండంత మొసలిని ఏ వైపు నుంచి ఊళ్లోకి తీసుకురావాలో చెప్పేస్తాడు. ఇది జ్ఞానం కాక మరేమిటండీ?

నేను చెబుతున్నది 'బండమొసలి' గురించి. పాత 'బండమొసలి' మా తరం సినిమా. అందులో మొసలి రబ్బరుది. తోక ఊపినప్పుడల్లా వీపు మీద జిప్పు కనబడేది. అయినా సరే, హాల్లో ఆడవాళ్లు కెవ్వుమన్నారు, మగవాళ్లు కాళ్లు బెంచీ మీదికి ముడుచుకుని కూర్చున్నారు. ఈ ఏడాది దాన్నే కోట్లు పోసి మళ్లీ తీశారు. ఒడిశాలో ఉన్న రాయగడ తెలుగువాళ్లం ఆగగలమా? రైలెక్కి పార్వతీపురం వెళ్లి మొదటి ఆటే చూశాం. కొత్త మొసలికి జిప్పు లేదు. భయం కూడా లేదు. మా ముందు వరసలో ఒక పసిపిల్ల దానికి టాటా చెప్పింది.

తిరుగు రైల్లోనే మా సంఘం పుట్టింది. మెయిన్ రోడ్డులో మొబైల్ షాపు నడిపే కామేష్ అప్పటికప్పుడు వాట్సాప్ గ్రూపు తెరిచాడు. పేరు 'బండమొసలి బాగుచేత సంఘం'. గవర్నమెంటులో హెడ్‌క్లర్కుగా పనిచేసి రిటైరైన నన్ను, అనగా వెంకటాచలాన్ని, నెరిసిన తల చూసి గౌరవ సలహాదారుగా వేశారు.

ఆ గ్రూపు సమాజానికి చేసిన సేవ చెప్పమంటారా? కోరాపుట్ వాళ్లకూ మాకూ పెళ్లి పిలుపుల దగ్గర కూడా మాటల్లేవు. ఇప్పుడు పొద్దున్న లేస్తే మొసలి గురించి మాట్లాడుకుంటున్నాం! లమ్తపుట్ నుంచి ఒకాయన మొసలిని జలపాతం మీంచి దూకించాలంటాడు. నారాయణపట్న నుంచి ఒక మాస్టారు, ఎటైనా తీసుకెళ్లండి గానీ మా అల్లం చేలో మాత్రం దించొద్దంటారు. జేకేపూర్ కాగితం మిల్లు కాలనీ వాళ్లయితే షిఫ్టు సైరన్ విని మొసలి మేలుకోవాలని, లేవగానే వెదురు లారీని పళ్లపుల్లలా నమలాలని పట్టు. జాతీయ సమైక్యత అంటే ఇదే కదా!

మా ఆవిడ పద్మకుమారికి మాత్రం ఈ సేవ కంటికి ఆనలేదు. "మీ మొసలి నీళ్లలోంచే కదా వచ్చేది? వంటింటి కుళాయి నెల్లాళ్లుగా కారుతోంది. అందులోంచి వచ్చేస్తుందేమో ఒక్కసారి చూడకూడదూ?" అంది. ఇలాంటి చిన్న చూపు వల్లే మన సినిమాలు బాగుపడటం లేదు.

ఇక మా సంఘానికి మకుటం శ్రావణ్‌కుమార్. ఒక ఇంజనీరింగు శాఖలో జూనియర్ ఇంజనీరు. శాఖ పేరు చెప్పను, నేను పెన్షను తీసుకునేవాణ్ణి. సినిమాలో మొసలి తోకతో వంతెనను కొట్టే సీను ఒకటుంది. దాని మీద ఆయన రాసిన విమర్శ చదవడానికి నాకు రెండు కప్పుల కాఫీ పట్టింది. వంతెన బరువెంత, తోక వేగమెంత, సిమెంటు పాలెంత? అంత వివరం ఆయన ఆఫీసులో ఏ ఫైలులోనూ ఉండదని పందెం కాస్తాను. విమర్శ చివర ఎప్పుడూ ఒకే మాట రాసేవాడు. "పాతదే బాగుంది. దాన్ని పాడుచేసి మళ్లీ తియ్యమని ఎవడు అడిగాడు?" ఆ మాట మా సంఘానికి నినాదమైపోయింది.

ఇంత ముఖ్యమైన పనిలో ఉండగా పాపాయమ్మ వచ్చింది.

పాపాయమ్మది మా వెనక మిట్టవీధి. ఇడ్లీ బండి పెడుతుంది. కొడుకు గురువులు చెత్తబండి డ్రైవరు. కోడలు బేబి నిండు చూలాలు. వాళ్ల వీధికీ మెయిన్ రోడ్డుకీ మధ్య ఒక గెడ్డ, అంటే చిన్న వాగు. గెడ్డ మీద కల్వర్టు. ఆ కల్వర్టు కథ కూడా చెప్పాలి.

సంస్థానం రోజుల్లో అక్కడ రాతి కమాను కట్టారు. మా తాతగారు ఎస్టేటు కచేరీలో ఉద్యోగి. ఆ రాళ్లు మోయిస్తూ ఎండకి నల్లబడిపోయారని మా నాన్న చెప్పేవారు. ఎన్ని వరదలు వచ్చినా ఆ కమాను బెసకలేదు. ఇరుకుగా ఉందని, పాతదైపోయిందని రెండేళ్ల కిందట దాన్ని పడగొట్టారు. పడగొట్టడానికి వచ్చిన పొక్లెయిన్ మధ్యలో రిపేరుకు వెళ్లి రావలసి వచ్చింది. తర్వాత అక్కడ తళతళలాడే కొత్త కల్వర్టు కట్టారు. కొబ్బరికాయ కొట్టారు, రిబ్బను కత్తిరించారు, స్వీట్లు పంచారు. ఈ ఏడు మొదటి పెద్దవానకి నడుం విరిగి గెడ్డలో పడింది.

పాపాయమ్మ గుమ్మంలో కూలబడి, "బాబూ, మా కలవట్టు సంగతి మల్లీ ఓ కాయితం రాయండి. బేబికి తొమ్మిదో నెల ఒచ్చేసినాది. ఆశా దీదీ ఏటందో ఎరుకా? నూటెనిమిది బండి రోడ్డు కాడే ఆగిపోద్దంట. పిల్లని గెడ్డ దాటించి తెచ్చుకోమంటంది. ఎలాగ దాటిస్తాం సెప్పండి? సంకనెట్టుకునా?" అంది.

నిజానికి ఇదివరకే ఒక అర్జీ రాశాను. దానికి జవాబు కూడా వచ్చింది. సదరు కల్వర్టు రికార్డుల ప్రకారం సంతృప్తికరంగా ఉన్నదట! రికార్డుల ప్రకారం బాగున్నదాన్ని పట్టుకుని గెడ్డలో పడిందని చెప్పడానికి పాపాయమ్మ ఎవరు?

"శ్రావణ్‌కుమార్‌గారు మన సంఘం మనిషే. ఫొటో తీసి ఆయనకి పంపమను గురువుల్ని" అన్నాను.

గురువులు వెనకే నిలబడి ఉన్నాడు. వాడూ మా సంఘం సభ్యుడే. కొత్త మొసలికి తోక పొట్టిదైపోయిందని మొట్టమొదట కనిపెట్టినవాడు వాడే. "పంపేనండి. ఆయన నా మెసేజీ సూడ్నేదు. గ్రూపులో ఏటెట్టినా సటుక్కున సూస్తాడు గానీ" అన్నాడు.

"అయితే గ్రూపులోనే పెట్టు!"

పెట్టాడు. కింద నాలుగు ముక్కలు రాసేలోగా చెత్తబండి మేస్త్రీ కేకేశాడు. వాడు ఫోను జేబులో వేసుకుని డ్యూటీకి పోయాడు. అలా ఒట్టి ఫొటో, మాటా పలుకూ లేకుండా, సంఘం ముందు పడింది.

చూడాలండీ ఆ ఉత్సాహం! అది మన కల్వర్టని చెప్పవలసిన నేను కూడా ఆ హుషారులో పడి మరిచేపోయాను. కామేష్ ముందుగా అందుకుని, "డిలీటెడ్ సీను లీకయింది!" అని ప్రకటించాడు. కోరాపుట్ వాళ్లు మొసలి పాదం పడిన చోటుకి ఎర్ర గుండ్రం గీసి పంపారు. నారాయణపట్న మాస్టారు ఫొటోని పెద్దది చేసి చూసి, "వెనకాల తీగ మీద చీర ఆరేసి ఉంది. అంత మొసలి నడిచి వెళ్లాక చీర జారకుండా ఎలా ఉంటుంది? కంటిన్యుటీ చూసుకోరా?" అని నిలదీశారు.

అప్పుడు దిగాడు శ్రావణ్‌కుమార్.

"మిత్రులారా, నవ్వాలో ఏడవాలో తెలియడం లేదు. విరిగిన కాంక్రీటులో ఇనప ఊచలు ఏవీ? నిజమైన వంతెన విరిగితే ఊచలు బయటికి పొడుచుకొస్తాయి. ఇందులో చీపురుపుల్లంత ఊచ కూడా లేదు! ఆ కాంక్రీటు చూడండి, సిమెంటు వాసన తగలని ఇసక. బిస్కట్టులా విరిగింది. కింద పునాది అసలే లేదు. దీన్ని కూల్చడానికి మొసలి దేనికి? మేక చాలు. ఇలాంటిదాన్ని ఏ ఇంజనీరైనా పాస్ చేస్తాడా? చేస్తే వాణ్ణి ఉద్యోగంలోంచి పీకి లోపల వెయ్యాలి! ఈ ఆర్ట్ డైరెక్టరు జన్మలో ఒక్క వంతెన దగ్గరికీ వెళ్లి కళ్లతో చూసిన పాపాన పోలేదు. పాతదే బాగుంది. మళ్లీ తియ్యమని ఎవడు అడిగాడు?"

చప్పట్లే చప్పట్లు! ప్రతి వారం మేలైన విమర్శకు తెలుగులోనూ ఒడియాలోనూ పోస్టరు వేసి షాపు అద్దానికి అంటించడం కామేష్‌కి అలవాటు. ఆ వారం ఇంక వెతుక్కోనక్కర్లేకపోయింది. ఫొటో పైన, విమర్శ కింద, అడుగున శ్రావణ్‌కుమార్ పేరు, ఉద్యోగం, పాస్‌పోర్టు సైజు బొమ్మ. భోజనాల వేళకి పోస్టరు అద్దం మీద ఉంది.

గురువులు డ్యూటీ దిగి ఫోను తీశాడు. వాయిస్ మెసేజ్ వచ్చింది.

"ఓలమ్మో! సినిమా కాదండి బాబూ అది! మా మిట్టీది కలవట్టండి. ఎనకాల తీగ మీదున్నది మా అమ్మ సీరండి. శ్రావణ్‌కుమార్ బాబూ, మీరే కట్టించేరు కదండి!"

కాసేపటికి శ్రావణ్‌కుమార్ విమర్శ మాయమైంది. అది ఉన్నచోట, మెసేజ్ తొలగించబడిందని ఒక్క వాక్యం మిగిలింది. కానీ అద్దం మీద పోస్టరుని ఏ ఫోను తొలగిస్తుంది? ఆయన షాపుకి పరిగెత్తేలోపు పాపాయమ్మ దాన్ని ఊడదీసుకుని, చుట్ట చుట్టి, ఇడ్లీ బండిలో దాచేసింది.

సోమవారం జనం అర్జీలు తీసుకునే గ్రీవెన్స్‌కి నేనూ వెళ్లాను. ఈసారి నేను కాగితం రాయలేదు. అంతకంటే బాగా రాయడం నా వల్ల కాదు.

పాపాయమ్మ పోస్టరు విప్పి అధికారి బల్ల మీద పరిచింది. ఆయన కొత్తగా వచ్చిన ఒడియా కుర్రాడు. ఒడియా భాగం చదువుతూ మేక దగ్గరికి వచ్చేసరికి ఫక్కున నవ్వాడు. ఇంజనీరుని లోపల వెయ్యాలన్న చోట నవ్వు ఆపేశాడు. ఫైలు తెప్పించాడు. ఫైలులో ఏముంది? 'స్వయముగా తనిఖీ చేసితిని. నాణ్యత సంతృప్తికరము.' కింద సంతకం. పోస్టరు మీద ఉన్న పేరే.

శ్రావణ్‌కుమార్‌ని పిలిపించారు. పాపం, చొక్కా చెమటతో వీపుకి అంటుకుపోయింది.

"ఇదీ మీరు రాసిందే, అదీ మీరు రాసిందే. ఈ రెండిట్లో కళ్లతో చూసి రాసింది ఏది?" అని అడిగాడు అధికారి.

శ్రావణ్‌కుమార్ ఫైలు వంక చూశాడు. పోస్టరు వంక చూశాడు. మా వంక చూడలేదు.

"పోస్టరు మీదిదే సార్" అన్నాడు.

ఎంత నిజాయితీపరుడండీ! పాపాయమ్మ కూడా మెచ్చుకుంది. "ఇన్నాళ్లకి ఓ నిజం సెప్పేడు మా బాబు" అంది. తర్వాత బల్ల దగ్గరికి జరిగింది. "నానేటి మేడలడిగేనా బాబూ? నా కోడలు బండెక్కి ఎల్లాల, బతికి ఇంటికి రావాల. పాతదే ఉంటే ఈ పాటికి బండి మా గుమ్మంలో ఆగును. రాళ్లది బాగున్నాది కదా, దాన్నెందుకు ఇరగ్గొట్టేరు? మల్లీ కట్టమని మిమ్మల్ని ఎవలడిగేరు?"

మా సంఘం నినాదమే! ఆవిడ సినిమా చూడనైనా చూడలేదు.

ఆ వారంలోనే గెడ్డలో పెద్ద సిమెంటు గొట్టాలు పరిచారు. మీద మట్టీ కంకరా పోసి, తాత్కాలికంగా దారి ఇచ్చారు. మట్టి ఇంకా పచ్చిగా ఉండగానే బేబికి నొప్పులొచ్చాయి. అంబులెన్సు ఆ దారి మీదుగా సరాసరి మిట్టవీధిలోకి వచ్చింది. గురువులు ముందు నడుస్తూ డ్రైవరుకి చెయ్యి ఊపుతూ దారి చూపించాడు. ఆసుపత్రిలో ఆడపిల్ల పుట్టింది. తల్లీ బిడ్డా క్షేమం. పాపాయమ్మ ఆ రోజు ఇడ్లీలకి ఎవరి దగ్గరా డబ్బులు తీసుకోలేదు.

ఇప్పుడు చెప్పండి, చెడ్డ సినిమా మంచిదా కాదా?

అందుకని ప్రభుత్వం వారికి ఒక మనవి. ఇకమీదట వంతెన కట్టినా, బడి కట్టినా, ట్యాంకు కట్టినా, రిబ్బను కత్తిరించే ముందు దాని బొమ్మ ఒకటి సినిమా అభిమానులకి లీక్ చేయండి. ఏ కమిటీ అక్కర్లేదు. ఊచ ఊచా లెక్కపెడతారు. తీగ మీద చీరని కూడా వదిలిపెట్టరు. మొసలి సినిమా టిక్కెట్టుకి పెట్టిన డబ్బు కోసం మేం రైల్లోనే సంఘం పెట్టాం. అగ్గిపెట్టె కొన్నా పన్ను కట్టి, ఆ డబ్బుతో కట్టించుకున్న కల్వర్టు ఎదురుగా విరిగిపడితే, పక్కనించి దాటుకుని వెళ్లి మొసలి తోక గురించి పోట్లాడుకున్నాం. అది సినిమా అని పొరబడితే తప్ప దానివైపు తేరిపార చూడలేదు. గౌరవ సలహాదారుతో సహా.

అసలు కల్వర్టు పని మొన్న మొదలైంది. శ్రావణ్‌కుమార్ పొద్దున్నే వచ్చి, ప్యాంటు మడిచి గెడ్డలో దిగి, ఊచలు చేత్తో పట్టుకుని లెక్కపెడుతున్నాడు. గట్టు మీద పాపాయమ్మ ఇడ్లీ బండి. ఒక చంక మనవరాలు, ఒక చేతిలో కొడుకు ఫోను. రోజూ ఒక ఫొటో తీసి గ్రూపులో పెడుతోంది.

నిన్నటి ఫొటో చూసి లమ్తపుట్ ఆయన అడిగాడు. కొండల్లో సిగ్నలు లేక ఇన్నాళ్లు జరిగిందేదీ ఆయనకి తెలియదు. "సీను చాలా సహజంగా ఉంది. గెడ్డలో ఊచలు పట్టుకున్న ఆ ఆర్టిస్టు ఎవరు? కొత్తవాడిలా ఉన్నాడే?"

పాపాయమ్మ వాయిస్ మెసేజ్ పెట్టింది.

"అవును బాబూ. పనిలోకి ఇప్పుడే వొచ్చేడు."