మెర్విన్ దత్తత, మలకీ మరణం

గురువారం పొద్దున ఫిలమీనా టూహీ వేసుకున్న పథకం చాలా చిన్నది. మధ్యాహ్నం మూడు గంటలకు పందేలు మానేసిన గ్రేహౌండ్ కుక్కలకు ఇళ్ళు వెతికే సంస్థ నుంచి ఈఫా అనే అమ్మాయి తనిఖీకి వస్తుంది. ఆలోగా ఇల్లు తుడవాలి, కేకు చేయాలి, కుక్క బెదరకుండా చూడాలి, అన్న మలకీ చేత ఒక సంతకం పెట్టించాలి. మొదటి మూడూ సులువే. నాలుగోది గుర్తు రాకుండా ఉండడానికి మొదటి మూడింటినీ ఆమె రెండేసి సార్లు చేసింది.

టిప్పరరీ అనే ఐరిష్ జిల్లాలో బాలిక్రీన్ లాంటి ఊళ్ళో గ్రేహౌండ్ కొత్తేమీ కాదు. కానీ అక్కడ గ్రేహౌండ్ అంటే పరిగెత్తేది. పరుగు మానేసినదాన్ని తెచ్చి ముందు గదిలో పెట్టుకోవడం ఎవరూ ఎరగని సంగతి. పైగా ఫిలమీనా తెచ్చింది మామూలు కుక్క కాదు. పందెం పేరు మైటీ మెర్విన్. పద్దెనిమిది పందేల్లో పరిగెత్తి ఒక్కదాంట్లోనూ ఐదో స్థానం దాటి ముందుకు రాలేదు. ఆఖరి పందెంలో మిగతావన్నీ మలుపు తిరుగుతుంటే అది మధ్యలో ఆగి, వచ్చిన జనాన్ని తీరిగ్గా చూసిందట. ముప్పై ఏడేళ్ళు బడిలో వంట చేసి, ఒక్కనాడూ "బాగుందమ్మా" అనిపించుకోని ఫిలమీనాకు ఆ కథ వినగానే కళ్ళు చెమర్చాయి. వారం రోజులు ఉంచుకుని చూడమని సంస్థవాళ్ళు ఇచ్చారు. రెండో రోజుకే అది లేకుండా బతకలేనని ఆమెకు తెలిసిపోయింది.

చిక్కల్లా ఒక్క నిబంధన దగ్గర వచ్చింది. ఇంట్లో ఉన్న పెద్దవాళ్ళంతా మనస్ఫూర్తిగా ఒప్పుకుని సంతకం చేయాలి. "మా అన్నయ్యకి కుక్కలంటే ప్రాణమండీ" అని ఫిలమీనా ఫోన్‌లో చెప్పేసింది. ఆ సమయానికి మలకీ మేడమీద అలిగి కూర్చుని ఉన్నాడు. మెర్విన్ వచ్చిన రోజే అతను ముప్పై ఏళ్ళుగా కూర్చుంటున్న సోఫా ఎక్కి, నాలుగు కాళ్ళూ పైకెత్తి, వెల్లకిలా నిద్రపోయింది. లేపితే ఒక కన్ను తెరిచి చూసి మళ్ళీ మూసుకుంది.

"అది సోఫా దిగేదాకా నేను మేడ దిగను" అని మలకీ శపథం చేశాడు.

"దిగకు. మెట్లకు విశ్రాంతి" అంది ఫిలమీనా.

అప్పటికి ఐదు రోజులు. భోజనం పళ్ళెంలో పైకి వెళ్తోంది, ఖాళీ పళ్ళెం కిందికి వస్తోంది. అన్నాచెల్లెళ్ళ మధ్య రాకపోకలు అంతవరకే.

ఇక కుక్క సంగతి. పుట్టినప్పటి నుంచి కొట్టంలోనే పెరిగిన జీవి. ఇల్లంటే ఏమిటో తెలీదు. వీధిలో సైకిలు వెళ్తే కిటికీలోంచి చూసి వణికిపోతుంది. నడవాలో నిలువుటద్దం చూస్తే అందులో ఇంకో కుక్క ఉందని ఏడుస్తుంది. గోడ గడియారం గంట కొడితే బల్లకింద దూరుతుంది. మెట్లంటే అసలు ఏం చేయాలో తెలియక, మొదటి మెట్టును వాసన చూసి వెనక్కి వస్తుంది. ఈఫా ముందు ఇవేవీ జరగకూడదని ఫిలమీనా ఆ పొద్దున వీధి కిటికీలకు తెరలు దించింది. అద్దానికి తెల్ల దుప్పటి కప్పింది. గడియారం ఆపేసింది. నల్ల కుక్క కాబట్టి బట్టల మీద వెంట్రుకలు కనబడకుండా తనూ పైనుంచి కిందిదాకా నల్లబట్టలు వేసుకుంది. తన తెలివికి తనే మురిసిపోయింది.

అయ్యో, ఆ మహాతల్లికి అరవై ఆరేళ్ళ అనుభవం ఆ పూట ఎటుపోయిందో! బాలిక్రీన్‌లో పట్టపగలు వీధి తెరలు దించారంటే ఆ ఇంట్లో ఎవరో పోయారని అర్థం. అద్దం కప్పి గడియారం కూడా ఆపారంటే ఇక ఎవరు పోయారని అడగడమే తరువాయి.

ఎదురింటి నానో క్విర్క్ పది గంటలకు తెరలు చూసింది. చూసి ఊరుకునే మనిషైతే ఈ కథ ఇక్కడితో అయిపోయేది. చేతికి దొరికిన గిన్నె ఒకటి పట్టుకుని, "నీదేనా ఇది?" అని అడిగే మిషతో వచ్చి తలుపు కొట్టింది. ఫిలమీనా జానెడు తలుపు తీసి, వేలు పెదాల మీద పెట్టుకుని, "ఇప్పుడు కాదు నానో, తర్వాత రా" అని గుసగుసగా చెప్పి మూసేసింది. కుక్క అప్పుడే కునుకు తీసింది మరి. ఆ జానెడు సందులోంచి నానోకు దుప్పటి కనిపించింది, ఆగిన గడియారం కనిపించింది, నల్లబట్టలు కనిపించాయి. మలకీ ఐదు రోజులుగా పేకాటకు రాలేదన్న సంగతి ఊరందరికీ తెలిసిందే.

నానోలో చెడ్డతనం ఇసుమంతైనా లేదు. ఉన్నా బాగుండేది, ఇంత పని చేసేది కాదు. "ఒక్కతే మోసుకుంటోంది పిచ్చిది, నోరు విప్పి చెప్పలేకపోతోంది" అని ముక్కు చీది, ముందు తన చెల్లెలికీ, తర్వాత పేకాట జట్టుకూ, ఆపైన శవపేటికలు చేసేవాడికీ ఫోన్ చేసింది. ఆ పెద్దమనిషి కలుపుగోలువాడు. ఆ ఇంటివాళ్ళకు శ్రమ లేకుండా తనే మూడున్నర గంటల చావు వార్తల కోసం రేడియోవాళ్ళకు చెప్పేశాడు. ఒంటిగంటకల్లా వీధి వీధంతా చావు ఇంటికి పట్టుకెళ్ళడానికి పందిమాంసం పెట్టిన శాండ్‌విచ్‌లు కోస్తోంది.

మూడుకు పది నిమిషాలుందనగా తలుపు గంట మోగింది. ఫిలమీనా నవ్వు సర్దుకుని తలుపు తీసింది. మలకీ పేకాట జతగాడు కాన్ హార్నీ నల్ల టై కట్టుకుని, చంకలో రెండు మడత కుర్చీలతో నిలబడి ఉన్నాడు.

"నీకు రాకూడని కష్టం వచ్చింది ఫిలమీనా" అన్నాడు, చెయ్యి పట్టుకుని.

చావు ఇంటి గుమ్మంలో తప్ప ఇంకెక్కడా అనని మాట అది. ఫిలమీనాకు కిటికీ తెరలు, అద్దం, గడియారం ఒక్కసారిగా కళ్ళముందు తిరిగాయి. "ఓరి నాయనో" అనుకుంది. "మలకీ బతికే ఉన్నాడు, మేడమీద అలిగి కూర్చున్నాడు" అని చెప్పడానికి నోరు కూడా తెరిచింది. అప్పుడు కనిపించింది కాన్ వెనకాల నిలబడ్డ పడుచుపిల్ల. ఆకుపచ్చ కోటు, చేతిలో కాగితాల అట్ట, కోటు మీద గ్రేహౌండ్ బొమ్మ.

ముందు నుయ్యి, వెనక గొయ్యి. ఉన్నమాట చెబితే కుక్క పోతుంది, చెప్పకపోతే అన్న పోతాడు. అన్న ఎలాగూ అరగంటలో తిరిగొస్తాడు. తనిఖీ అయ్యేదాకా చచ్చిపోతే వాడి సొమ్మేం పోయింది? పైగా చచ్చినవాడి సంతకం ఎవరడుగుతారు?

"రా కాన్. అంతా దేవుడి దయ" అంది ఫిలమీనా, తల దించుకుని.

పావుగంటలో ముందు గదిలో ముప్పై మంది. వంటింట్లో మూడు కెటిల్స్ మరుగుతున్నాయి. ఇంత గోలకు మెర్విన్ ఏమైపోతుందోనని ఫిలమీనా భయపడింది. అది బెదరలేదు. సోఫా మీద నానో చెల్లెలు సర్దుకుని కూర్చోవడంతో చోటు చాలక కిందికి దిగి, గదంతా ఓసారి కలియతిరిగి, ఒళ్ళో పళ్ళెం ఉన్న ప్రతి మనిషి మోకాలి మీదా గడ్డం ఆనించి పెద్దగా నిట్టూర్చింది.

"చూశావా, మూగజీవి. ఎలా కుమిలిపోతోందో" అని నానో కళ్ళొత్తుకుని దానికో శాండ్‌విచ్ పెట్టింది. ఈఫా కాగితం మీద ఏదో రాసుకుంది.

చచ్చినవాడి కళ్ళు చారెడు అంటారు. మొదటి కప్పు టీ వరకూ మలకీ కళ్ళు చారెడే ఉన్నాయి. ఎంత నెమ్మదస్తుడు, ఎంత నిజాయితీపరుడు అన్నారు. రెండో కప్పుకు కాస్త కాస్తగా చిన్నవి కావడం మొదలుపెట్టాయి.

"ఒకటి చెప్పనా? ఇరవై రెండేళ్ళు నా జత. ఒక్కనాడూ వెయ్యాల్సిన ముక్క వేసిన పాపాన పోలేదు. పోయిన నెల ఇస్పేటు రాణి వేసి గెలిచే ఆట పోగొట్టాడు" అన్నాడు కాన్.

గదంతా నవ్వింది. అక్కడ పోయినవాళ్ళ మీద నవ్వడం తప్పు కాదు, నవ్వకపోతేనే తప్పు.

"మరి ఆదివారం ఆటకి అతని కుర్చీలో ఎవర్ని కూర్చోబెడుతున్నారు?" అని మూలనుంచి ఎవరో అడిగారు.

"మా బావమరిదికి చెప్పేశా."

నానో లేచి కోటు చేతులు పైకి మడుచుకుంది. "ఫిలమీనా, నేను పైకెళ్ళి వాణ్ణి కడిగి, గడ్డం గీసి, మంచి చొక్కా తొడుగుతాను. మా ఆయనకీ నేనే చేశాను."

"వద్దు!" అని ఫిలమీనా మెట్లకు అడ్డంగా నిలబడింది. "వాడికి... వాడికి ఎవరైనా ముట్టుకుంటే నచ్చదు."

"ఇప్పుడేం అంటాడు తల్లీ?"

"అంటాడు. నీకు తెలీదు వాడి సంగతి."

అందరూ జాలిగా చూశారు. ఆ సమయంలోనే ఈఫా వచ్చి భుజం మీద చెయ్యి వేసి వంటింట్లోకి తీసుకెళ్ళింది. మంచి పిల్ల, మాట కూడా మెత్తన.

"మెర్విన్ ఇంత హాయిగా ఉండడం నేనెప్పుడూ చూడలేదు ఆంటీ. కానీ మా నిబంధన ఒకటుంది. చావు జరిగిన ఇంట్లో మూడు నెలలదాకా కుక్కని ఉంచం. మీకూ కష్టం, దానికీ కష్టం. ఇవాళ నాతో తీసుకెళ్తాను. లిమరిక్‌లో ఒక కుటుంబం ఎదురుచూస్తోంది."

కుక్క కోసమే కదా ఫిలమీనా అన్నను చంపుకుంది! ఇప్పుడు ఆ చావే కుక్కను పట్టుకుపోతోంది. పొద్దున్నే లేచి వచ్చేసరికి తోక సోఫాకేసి టపటపా కొట్టే ప్రాణి రేపటి నుంచి ఉండదు. ఆమెకు నిజంగానే ఏడుపొచ్చేసింది.

"అమ్మాయ్, వాడు చావలేదు. నిజంగా చావలేదు!"

ఈఫా ఆమె రెండు చేతులూ పట్టుకుంది. "మొదట్లో అందరికీ అలాగే అనిపిస్తుంది ఆంటీ."

"అనిపించడమేంటి? పొద్దున రెండు గుడ్లు తిన్నాడు! కావాలంటే పళ్ళెం చూపిస్తా!"

ఆ కేకకు వంటింటి గుమ్మంలో పదిమంది చేరారు. "రెండు గుడ్లు పైకి పట్టుకెళ్ళిందట" అని ఒకరు వెనకవాళ్ళకు చెప్పారు. వెనకవాళ్ళు ముక్కులు చీదారు. ఫిలమీనా ఎంత గట్టిగా నిజం చెబితే అంత గట్టిగా అందరూ ఏడ్చారు. నానో ఆమెను కుర్చీలో కూలేసి, గ్లాసులో రెండు వేళ్ళ విస్కీ పోసి, "గుక్కలో తాగెయ్యి, మా తల్లే" అంది. ఏం చేస్తుంది? తాగింది.

ఈలోగా గదిలో కాళ్ళ మధ్య చోటు దొరక్క మెర్విన్ నడవాలోకి వచ్చింది. వెనక జనం, ముందు మెట్లు. మొదటి మెట్టు వాసన చూసింది. ఎప్పటిలా వెనక్కి రాలేదు.

పైన మలకీ అప్పటికే కుతకుతలాడుతున్నాడు. ఇంతమందిని పిలిచింది తనను ఉడికించి కిందికి దింపడానికేనని అతని నమ్మకం. కాన్ మాటలు మేడ నేల చెక్కల సందుల్లోంచి ఒక్కటి పొల్లుపోకుండా వినిపించాయి. మరీ బావమరిదా! కడుపు మంట తట్టుకోలేక రేడియో పెట్టాడు. మూడున్నర గంటల చావు వార్తలు అతను ఏ రోజూ వదలడు. మూడో పేరు తనది.

మనిషి మంచం మీద అలాగే కూలబడ్డాడు. సరిగ్గా అప్పుడు తలుపు తోసుకుని, ఆయాసపడుతూ మెర్విన్ వచ్చింది. వచ్చి అతని మోకాలి మీద గడ్డం పెట్టి పెద్దగా నిట్టూర్చింది. అక్కడ శాండ్‌విచ్ కూడా లేదు.

అయిదు నిమిషాల తర్వాత మెట్లు కిర్రుమన్నాయి. అందరూ తలెత్తారు. ఐదు రోజుల గడ్డం, పైజమా, పాత బనీను. చేతుల్లో ముప్పై రెండు కిలోల నల్ల కుక్క, నాలుగు కాళ్ళూ నాలుగు వైపులకు వేలాడేసుకుని. ఎక్కడమైతే ఎక్కింది గానీ దిగడం దాని వల్ల కాలేదు. ఎవరిదో కప్పు జారి పగిలింది. నానో శిలువ గుర్తు వేసుకుని, ఎందుకైనా మంచిదని మళ్ళీ ఇంకోసారి వేసుకుంది.

"కాన్, ఆ ఇస్పేటు రాణి వెయ్యమని సైగ చేసింది నువ్వే" అన్నాడు మలకీ, మెట్ల మీద నుంచే.

"బతికున్నావా?" అన్నాడు కాన్ బిక్కచచ్చిపోయి.

"మీ బావమరిదికి చెప్పు, ఉన్నానని."

ఈఫా ముందుగా తేరుకుంది. "సార్, మీరే మలకీ గారా? అయితే ఈ కుక్కని ఉంచుకోవడం మీకు సమ్మతమేనా?"

ఫిలమీనా కళ్ళు గట్టిగా మూసుకుంది. అయిపోయింది. కుక్కో నేనో అన్న మనిషి. పైగా తనను చంపింది చెల్లెలేనని ఇప్పుడు తెలిసింది కూడా.

మలకీ కుక్కను ఇంకాస్త పైకి ఎగేసి పట్టుకున్నాడు. "ఐదు రోజులు నేను పైన ఉంటే ఒక్కరూ ఏమయ్యాడని రాలేదు. పోయానంటే ముప్పై మంది వచ్చారు. వచ్చి కింద కూర్చుని తిన్నారు. నన్ను చూడ్డానికి మెట్లెక్కి వచ్చింది ఈ గాడిదొక్కటే. అది కూడా మెట్లెక్కడం రాకుండానే." ఈఫా వైపు తిరిగాడు. "ఎక్కడ పెట్టాలి సంతకం?"

"అన్నయ్యా!" అంది ఫిలమీనా. ఆమె అతన్ని అలా పిలిచి ఎన్నేళ్ళయిందో ఇద్దరికీ గుర్తులేదు.

"నోర్ముయ్. నీతో నాకు మాటల్లేవు. నన్ను కుక్క కోసం చంపుతావా?"

"అరగంటేగా!"

"అడిగితే నేనే చచ్చేవాణ్ణిగా!"

సోఫా మీది నానో చెల్లెలు చెప్పకుండానే లేచింది. మలకీ కుక్కను దాని మీద పడుకోబెట్టి, చివర మిగిలిన బెత్తెడు చోటులో తను ఒరిగాడు. ఒక్కరూ ఇంటికి వెళ్ళలేదు. చేసిన శాండ్‌విచ్‌లు ఏం చేసుకుంటారు? ఇంకో విడత టీ పెట్టారు. కాన్ పెద్ద ముక్క కేకు తెచ్చి మలకీ చేతిలో పెట్టి, పక్కన నేలమీద కూర్చున్నాడు. ఫిలమీనా ఒక పక్క ఏడుస్తూ ఇంకో పక్క నవ్వుతూ అందరికీ పాలు పోసింది.

గుమ్మం దగ్గర నిలబడి ఈఫా కాగితం పూర్తి చేసింది. ఆఖరి గడిలో తనిఖీ చేసినవారి అభిప్రాయం రాయాలి. కాసేపు కలం నోట్లో పెట్టుకుని గదిలోకి చూసింది. తర్వాత ఇలా రాసింది: "కుక్కకు ఇల్లు నప్పింది. మనుషుల మంచిచెడ్డలు మా సంస్థ పరిధిలోకి రావు."