కొత్త స్టూలుకు ముసలితనం

బడి సెలవు రోజు బూజు దులిపి మంచి అల్లుడు అనిపించుకోవాలని డ్రాయింగు మాస్టారు పొద్దున్నే నిశ్చయించుకున్నాడు. భార్య ఆఫీసుకు వెళ్లింది. పెద్ద కూతురి ఇంటికి వెళ్లిన అత్తగారు సాయంత్రానికి తిరిగొస్తారు. ఎదురుగా కనబడిన స్టూలెక్కి చీపురు పైకెత్తాడు. ఫెళ్లుమని స్టూలు కాళ్లు విరిగాయి. ఆయన నడుం విరగలేదు. నడుమే విరిగి ఉంటే బాగుండేదని తర్వాత చాలాసార్లు అనుకున్నాడు.

ఎందుకంటే అది మావగారి స్టూలు. కాలం చేసిన ఆ బస్సు కండక్టరు జన్మలో తన చేతులతో చేసిన చెక్కపని అదొక్కటే. అత్తగారు రోజూ సాయంత్రం దానిమీదే కిటికీ పక్కన కూర్చుంటారు. ఇంకెవరూ దాని జోలికి పోరు.

నిజం చెప్పేస్తే సరిపోయేది. కానీ రంగులు కలపడం వచ్చినవాడికి నిజం ఎందుకు తోస్తుంది? మాస్టారు బజారుకు పరుగెత్తి అదే కొలతలో కొత్త స్టూలు తెచ్చాడు. అది పెళ్లికొడుకులా నిగనిగలాడుతోంది. గరుకు కాగితంతో రుద్దాడు. టీ డికాషన్ పోస్తే కామెర్లు వచ్చినట్టయింది. బూటు పాలిష్ పట్టిస్తే బూటు వాసన కొట్టింది. చివరికి సొట్టల కోసం సైకిలు గొలుసు తీసి బాదడం మొదలుపెట్టాడు.

కింది వాటా ఆవిడ భార్యకు ఫోన్ చేసింది. "మీ ఇంట్లో మీవారు ఎవర్నో గొలుసుతో కొడుతున్నారమ్మా. పాపం, దెబ్బలు తినేవాళ్లు నోరు కూడా మెదపట్లేదు."

భార్య కంగారుగా ఇంటికి ఫోన్ చేసింది.

"ఏమండీ, ఏం చేస్తున్నారు?"

"ఏం లేదు, అయిపోవచ్చింది. నువ్విప్పుడే రాకు. అంతా తుడిచేశాక రా."

ఆ మాటతో ఆమె ఆఫీసు వాచ్‌మన్‌ను వెంటబెట్టుకుని ఆటో ఎక్కింది. దారిలో బస్సు దిగుతున్న తల్లిని కూడా ఎక్కించుకుంది.

ఈలోగా మాస్టారికి రంగు కుదరక ప్రాణం విసిగిపోయింది. పాత రంగు పాత చెక్కలోనే ఉంటుందని తట్టింది. విరిగిన ముక్కలన్నీ పెరట్లో కాల్చి, మసి నూరి, నూనెలో కలిపి పూశాడు. అచ్చం అదే రంగు వచ్చింది. ఆరబెట్టి, కిటికీ పక్కన పెట్టి తన పనితనానికి తనే మురిసిపోయాడు.

తలుపు తోసుకుని అందరూ లోపలికి వచ్చారు. దెబ్బలు తిన్నవాళ్ల కోసం వాచ్‌మన్ మంచం కింద కూడా వెతికాడు. అత్తగారు మాత్రం ప్రయాణం బడలికతో నేరుగా కిటికీ దగ్గరికి వెళ్లి కూర్చున్నారు. వెంటనే లేచారు. మళ్లీ కూర్చుని అటూ ఇటూ ఒరిగి చూశారు.

"ఇది ఊగట్లేదే" అన్నారు.

మాస్టారు ఇక దాచలేకపోయాడు. విరగ్గొట్టిన సంగతి చెప్పేశాడు.

"దానికేం బాబూ, అది విరగడం మామూలే. మీ మావగారికి మేకు కొట్టడం ఎన్నడూ చేతకాలేదు. విరిగినప్పుడల్లా తిట్టుకుంటూ మళ్లీ బిగించేవారు. ఆయన పోయాక నేనే బిగించుకుంటున్నా. ముక్కలు ఇలా ఇవ్వండి."

మాస్టారికి ఏడుపొచ్చింది. నల్లబడిన చేతులు వెనక్కి దాచుకున్నాడు.

"పూసేశానండీ" అన్నాడు.

అత్తగారు స్టూలు మీంచి మెల్లగా లేచారు. తిట్టినా కాస్త తేలికపడేవాడు.

ఆ స్టూలు తాతలనాటిదని ఇంటికొచ్చినవాళ్లంతా ఇప్పటికీ మెచ్చుకుంటున్నారు. అత్తగారు మాత్రం నేల మీద కూర్చుంటున్నారు.