పది ముక్కుల సగటు

"అంతరిక్ష కేంద్రంలో మన వ్యోమగాములు పీల్చే ప్రతి గాలి బొట్టుకూ నాదీ పూచీ!" అని సెనేటర్ క్లేటన్ బర్డిక్ గారు టెక్సస్ ప్రజలకు హామీ ఇచ్చారు. గాలికి బొట్లుండవని ఎవరూ అనలేదు. అంత గొప్ప మనసున్న నాయకుడి మాటలో తప్పులు పట్టడం మర్యాద కాదు.

హామీకి గుర్తుగా ఆయన ఒక ఫ్లెక్సీ వేయించారు. ఒక మూలన భూగోళం, మిగతా అంతా ఆయన ముఖం. దాన్ని అంతరిక్ష కేంద్రంలో కట్టించి, దాని ముందున్న వ్యోమగామితో ఆయన టీవీలో మాట్లాడాలని ఏర్పాటు.

పైకి వెళ్లే ప్రతి వస్తువునూ ముందు మేం ఐదుగురం వాసన చూడాలి. అదే మా ఉద్యోగం. అక్కడ కిటికీ తెరవడానికి లేదు, కంపు చేరితే దాన్నే పీలుస్తూ నెలల తరబడి బతకాలి. వాసన లేకపోతే సున్నా, భరించలేకపోతే నాలుగు వేస్తాం. సగటు రెండున్నర దాటితే ఆ వస్తువు నేల మీదే ఉండిపోతుంది. నాలుగు నెలలకోసారి మా ముక్కులకే పరీక్ష పెడతారు.

ఫ్లెక్సీ ముక్కను మూతపెట్టి మూడు రోజులు వేడిచేసి, ఆ గాలి మాస్కుల్లోంచి మాకు పట్టించారు. మాలో ఒకడైన వెర్నన్ లేచి బయటికి పరుగెత్తాడు. నా కళ్లు ధారకట్టాయి. ఐదుగురం నాలుగేసి వేశాం.

డైరెక్టర్ లొరెట్టా ప్రూయిట్ కాగితం చూసి నిట్టూర్చింది.

"అందరూ నాలుగేనా? ఇదేదో ఏకపక్షంగా లేదూ?"

"కంపు కూడా అలాగే ఉంది మేడమ్," అన్నాడు వెర్నన్.

"పైనున్న ఇలీన్ ట్రూహిల్లోకి అసలే గాలి పడక రోజూ తలనొప్పి. ఇదీ వెళ్తే ఆ పిల్ల గతేం కాను?" అన్నాను.

"మీ అంకె ఒక్కటి కూడా మార్చను. నిబంధన నిబంధనే!"

మాట నిలబెట్టుకుంది. మర్నాడు సెనేటర్ ఆఫీసు నుంచి మరో ఐదు ముక్కులు వచ్చాయి. వాటికి పరీక్ష అక్కర్లేదట. మాస్కు అందుకోకముందే ఒకాయన సున్నా వేసేశాడు.

"ముందు పీల్చండి సార్!" అన్నాను.

"ఆయన దగ్గర పదకొండేళ్లుగా చేస్తున్నానమ్మా. నాకే వాసనా రాదు."

పది ముక్కుల సగటు రెండు. ఫ్లెక్సీ రాకెట్టెక్కింది.

ప్రసారం రోజున మా హాల్లోనూ దాని జోడు కట్టారు. సెనేటర్ గారు అడుగుపెడుతూనే ముక్కుకు రుమాలు అడ్డం పెట్టుకున్నారు.

"ఏమిటీ కంపు! తల పగిలిపోతోంది! వాసన చూసేవాళ్లున్నారటగా, ఏరీ?"

వెళ్లి ఫ్లెక్సీ చూపించాను.

"పారేయండి అవతల! తలుపులన్నీ తెరవండి!"

తెరిచారు. ఆయన హాయిగా ఊపిరి తీసుకుని కూర్చున్నారు. తెర మీద ఇలీన్, ఆమె వెనుక పైకెళ్లిన ఫ్లెక్సీ. ఆమె ముఖానికి ఆక్సిజన్ మాస్కు.

"ఆ మాస్కు తీసెయ్యమను లొరెట్టా. నా ముఖం ముందు అదేం అవతారం?"

లొరెట్టా తీయమంది. ఇలీన్ తీసింది. సెనేటర్ గారు స్వచ్ఛమైన గాలి గురించి ఇరవై నిమిషాలు మాట్లాడారు. ఇలీన్ దగ్గు ఆపుకుంటూ తలూపింది. అక్కడ కన్నీళ్లు కిందికి జారవు, కంటికే ముద్దగా అంటుకుంటాయి. నేను పళ్లు నూరుతూ చూశాను. సిగ్గేసింది.

మర్నాడు పత్రికల్లో మొదటి పేజీలో ఆ కన్నీళ్ల ఫొటోనే వేశారు. కింద పెద్దక్షరాలతో రాశారు:

"సెనేటర్ ఆదరణకు వ్యోమగామి ఆనందబాష్పాలు."