మీసాలు వచ్చాయి, పిల్లి రావాలి

పని చేయడం ఎవరికైనా చేతనవుతుంది. పనికి సిద్ధం కావడమే మహావిద్య! నమ్మకం లేకపోతే బొమ్మలాయన్ని చూడండి.

బొమ్మలాయన పుస్తకాలకు అట్టబొమ్మలు వేస్తాడు. కంప్యూటర్‌కు తగిలించిన పలక మీద పెన్నుతో గీస్తాడు. చెయ్యి నొప్పి పుడితే అదే కంప్యూటర్లో కార్ల రేసు ఆడతాడు. కంప్యూటర్‌ను నడిపించే లినక్స్ అనే సాఫ్ట్‌వేర్‌లో రెండింటికీ పనికొచ్చేది ఒకటి కావాలనుకుని, అందులో లీనమయ్యాడు.

లినక్స్ ఒకటే. దాన్ని తలా ఒక తీరుగా ముస్తాబు చేసి వదులుతారు. ఆ ముస్తాబు పేరే డిస్ట్రో. అన్నీ ఉచితం. ఉచితమైనప్పుడు ఒకదానితో సరిపెట్టుకోవడం అనుచితం కాదా?

మొదటిదాంట్లో కారు దూసుకుపోయింది, పెన్ను మాత్రం ఎంత నొక్కినా ఒకే మందాన గీసింది. రెండోదాంట్లో గీత వెంట్రుకలా వచ్చింది, కారు నత్తకు దారిచ్చింది. మూడోదాంట్లో రెండూ బాగానే నడిచాయి. అయితే నాలుగోది ఇంకా మేలని ఎవరో అన్నారు. విన్నాక ఊరుకుంటే కళాకారుడెలా అవుతాడు?

ఈలోగా పిన్ని వచ్చింది. ఆమె రాసిన మొట్టమొదటి పుస్తకం, ఒక పిల్లి కథ, అట్ట లేక ప్రెస్సులో ఆగిపోయి ఉంది.

"ఏరా, నా పిల్లి ఏదీ?"

"ముందు ఈ మీసం చూడు పిన్నీ. మొదట సన్నం, మధ్యలో లావు, చివర మళ్ళీ సన్నం. పెన్ను పరీక్షకి మీసాన్ని మించింది లేదు."

"మొన్నా మీసమే చూపించావుగా."

"అది పాత డిస్ట్రో మీసం."

"పిల్లికి తేడా తెలుస్తుందట్రా?"

పాపం, పిన్నికి టెక్నాలజీ తెలియదు. బొమ్మలాయన మాత్రం ఇంటర్నెట్‌లో పెద్దమనిషి. బొమ్మలకు ఏ డిస్ట్రో మంచిదని ఊరూ పేరూ తెలియనివాళ్ళంతా ఆయన్నే అడుగుతారు. మీరు వేసిన బొమ్మ ఏదని మర్యాద లేకుండా అడిగేవాళ్ళు అక్కడ లేరు.

చివరికి ప్రెస్సువాళ్ళు ఇక ఆగలేమన్నారు. పిన్ని ఆ మీసాలన్నీ ఏరుకుని పట్టుకుపోయింది.

పుస్తకం వచ్చింది. అట్ట నిండా కటిక నలుపు, నడుమ తెల్లటి మీసాలు. పేరు 'చీకట్లో పిల్లి'. ఎండలో దొర్లే పిల్లి కథనంతా పిన్ని కూర్చుని చీకట్లోకి మార్చి రాసింది, వంటగట్టు మీద దొరికిన పెన్సిలు ముక్కతో. అది ఏ కంపెనీదో ఇంతవరకు చూసుకోలేదు.

బొమ్మలాయన అట్టను వెలుతురులో తిప్పి చూశాడు.

"నలుపు ఇంకా చిక్కగా రావాలి పిన్నీ. కొత్త డిస్ట్రో ఒకటి దిగిందట."

"దించుకో నాయనా, తొందరేం లేదు. ఈసారి కథ పొగమంచులో ఏనుగు. అట్టకి తెల్లకాగితం చాలు."