'అలాగే' అన్న మాటకు అధికారిక అర్థం

మానవ శరీరం రక్తమాంసాలతో నడుస్తుందన్న చిరకాలపు అపోహను మా ఊరి ఆసుపత్రి యాజమాన్యం ఇటీవలే తొలగించింది. శరీరం నడిచేది నమోదుతో. ఆ మేరకు మధుమేహ రోగులందరి ఫోన్లలోనూ ఒక యాప్ పెట్టించారు. అది తెలుగులో పలకరిస్తుంది, జవాబు వింటుంది, మన అలవాట్లను ఆసుపత్రికి నివేదిస్తుంది. బుద్ధిమంతుడైన రోగికి ఆకుపచ్చ రంగు, మొండివాడికి ఎరుపు. డాక్టరుగారి సమయం విలువైనది కనుక ఎర్రవాళ్లకు మాత్రమే దర్శనం. (ఈ ఏర్పాటులో తర్కదోషం కనిపెట్టాను. ఆసుపత్రివారు అడిగితే చెబుదామని ఉంచుకున్నాను. అడగలేదు.)

యాప్‌కు తెలుగు నేర్పినవారు శ్రద్ధగానే నేర్పారు. 'అలాగే' అంటే అంగీకారమని నిఘంటువులో చూశారు. అంగీకరించిన మనిషి ఆ పని చేయకుండా ఎందుకుంటాడన్న సదుద్దేశంతో, 'అలాగే' అన్న ప్రతిదాన్నీ చేసినట్టే నమోదు చేయించారు. ఎదుటివారి మాట ఆపడానికి మనకున్న అతి మర్యాదైన సాధనం అదేనని వారికెవరూ చెప్పలేదు. (యాప్ రాకముందు డాక్టర్లూ ఈ మాటనే నమ్మి తరువాతి రోగిని పిలిచేవారు.)

మా బావగారు దర్జీ, ఆ మధుమేహ రోగుల్లో ఒకరు. రోజంతా మిషన్ ముందే కూర్చుంటారు.

"కాసేపు లేచి నడుద్దామా?" అంటుంది జేబులోని ఫోను.

"అలాగేనమ్మా," అంటారు ఆయన, నోట్లో గుండుసూదులతోనే.

"టీలో చక్కెర మానేద్దామా?"

"అలాగే తల్లీ," అని గ్లాసు అడుగున మిగిలిన చక్కెరను చెంచాతో గీరుకుంటారు.

"రోజూ అరికాళ్లు చూసుకోవాలి, సరేనా?"

"అలాగే, అలాగే."

కొద్దికాలంలోనే ఆయన ఆదర్శ రోగి అయ్యారు. ఆసుపత్రి గోడమీద ఫొటో పెట్టారు. అది చూడటానికి కూడా ఆయన ఆటోలోనే వెళ్లారు.

అంతలో ఎడమకాలి చిటికెన వేలికి పుండు లేచింది. మొదట చూసింది మా అక్కయ్య.

"ఏవండీ, ఇదేంటి? నల్లబడుతోంది!"

"మిషన్ పెడల్ గీసుకుందిలేవే. నొప్పే లేదు."

"నొప్పి తెలియట్లేదనే కదా నా భయం!"

ముగ్గురం ఆసుపత్రికి వెళ్లాం. అక్కడి సదభ్యాస పర్యవేక్షణాధికారిణి కంప్యూటర్ తెర చూసి చిరునవ్వు నవ్వింది.

"మీకు డాక్టరుగారు అక్కర్లేదండీ. పచ్చగా ఉన్నారు."

"పచ్చిగా ఉందమ్మా, పుండు!" అంది అక్కయ్య.

"ఎరుపు వచ్చాక రండి. ఏ అలవాటైనా 'చేయను' అని యాప్‌కి చెబితే చాలు, వచ్చేస్తుంది."

నేను బావగారిని పక్కకు తీసుకెళ్లాను. "ఒక్కసారి 'చేయను' అనండి బావగారూ. కాలు దక్కుతుంది."

"అంత మర్యాదగా అడుగుతుంటే మొహమ్మీదే చేయనని ఎలా అంటామోయ్?"

సరిగ్గా అప్పుడే ఫోను అడిగింది: "సాయంత్రం వ్యాయామం చేద్దామా?"

బావగారు గొంతు సవరించుకున్నారు. నా వైపు చూశారు. కాలి వైపు చూశారు. "అలాగేనమ్మా," అన్నారు.

ఆకుపచ్చ మరింత ముదిరింది.

అక్కయ్య ఫోను లాక్కుంది. "చెయ్యరు! ఈయన ఏదీ చెయ్యరు! ముప్పై ఏళ్లుగా చూస్తున్నాను!"

"ఇది రోగి గొంతు కాదు," అని ఫోను సవినయంగా తోసిపుచ్చింది. (దాంపత్య సాక్ష్యానికి విజ్ఞానశాస్త్రంలో ఇంకా స్థానం కల్పించలేదు.)

అక్కయ్య ఫోనును ఆయన జేబులో కుక్కి, ఆయన చెయ్యి పట్టుకుని, డాక్టరుగారి గది తలుపు తోసుకుని లోపలికి నడిచింది. పుండుకు తను కట్టిన గుడ్డ విప్పి, ఆయన కాలెత్తి డాక్టరుగారి బల్లమీద, సరిగ్గా తెరకు అడ్డంగా పెట్టింది. గత్యంతరం లేక డాక్టరుగారు రోగిని చూశారు.

చాలాసేపు చూశారు.

"ఈ వేలు తీసేయాలండీ. ముందే వచ్చుంటే పుండు మందులతోనే మానేది."

అక్కయ్య ఆ కాలిని వదల్లేదు.

"ఇకనైనా ఏ చిన్న దెబ్బ తగిలినా ముందే రావాలి. సరేనా?" అన్నారు డాక్టరుగారు.

"అలాగేనండి," అన్నారు బావగారు.

జేబులోంచి ఫోను పలికింది: "శభాష్! ముందే వచ్చినట్టు నమోదైంది."